జైలు గోడ, కోర్టు తలుపు

తిరుత్తణిలో తెల్లవారుజామున బండెక్కి, అరక్కోణం, తిరువళ్ళూరు మీదుగా మదరాసు సెంట్రల్‌లో దిగిన మన పెద్దలకు ఒక పాత గోడ గుర్తుండే ఉంటుంది. స్టేషను దాటి పెద్దాసుపత్రి, మెడికల్ కాలేజీ వైపు నడిచేవాళ్ళకు కనబడే ఎత్తైన గోడ అది. 1837లో కట్టిన మదరాసు సెంట్రల్ జైలుది. కోర్టు పనికి పోయేవాళ్ళు, వైద్యానికి పోయేవాళ్ళు, పెళ్ళి బట్టలు కొనబోయేవాళ్ళు అందరూ దాని పక్కనుంచే నడిచారు. లోపల ఏం జరుగుతోందో ఎవరూ ఆగి అడగలేదు. 2006లో ఖైదీలను పుళల్‌కు తరలించారు. కొత్త జైలు కట్టిన పుళల్ అప్పట్లో మన తిరువళ్ళూరు జిల్లాలోని ఊరే. 2009లో పాత జైలును పడగొట్టారు. గోడ పోయింది. గోడ వెనక జరిగిన సంగతులు కూడా దానితోపాటు పోకూడదు.

తెలుగు చదువు, తెలుగు బడి, తెలుగు పద్యం గురించి రాసుకొనే చోట జైలు ప్రసక్తి ఏమిటని పాఠకులు అనుకోవచ్చు. సంబంధం ఉంది. భాషా అల్పసంఖ్యాకులం మనం. మనకు శాసనసభలో బలం లేదు, పెద్ద పత్రికలు లేవు, డబ్బూ అంతంత మాత్రమే. మనకున్నవి రెండే రెండు. ఒకటి, నలుగురం కలిసి సంఘం పెట్టుకొనే హక్కు. రెండు, అన్యాయం జరిగితే కోర్టు తలుపు తట్టే హక్కు. ఈ రెండూ ఈ మదరాసులోనే ఒకసారి గెలిచాయి, మరోసారి ఓడిపోయాయి. ఆ గెలుపునూ ఓటమినీ కలిపి చూస్తే మనం తరచూ మరిచిపోయే ఒక నిజం తేలుతుంది. మనవాడు పైన ఉంటే మనకు రక్షణ అనుకుంటాం. చరిత్ర ఆ మాట చెప్పడం లేదు.

ఒక సంఘం కథ

1950 మార్చి 10న మదరాసు ప్రభుత్వం ఒక ఉత్తర్వు జారీచేసింది. పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ అనే సంఘం చట్టవిరుద్ధమైనదని ప్రకటించింది. అది ఎక్కడో అడవిలో దాక్కున్న సంఘం కాదు. మన ఊళ్ళలోని ఆంధ్ర సంఘాల మాదిరిగానే సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘం. ప్రజలకు విజ్ఞానం అందించడం, సాహిత్యం ప్రచురించడం, చర్చలు జరపడం తన ఆశయాలని రాసుకుంది. దాని ప్రధాన కార్యదర్శి మదరాసులో ప్లీడరు వి.జి. రావ్. కమ్యూనిస్టు పార్టీకి ఈ సంఘం డబ్బు సాయం చేస్తోందని ప్రభుత్వం ఆరోపించింది. తెలంగాణలో సాయుధ పోరాటం సాగుతున్న రోజులవి. ప్రభుత్వానికి భయం ఉండడంలో వింత లేదు. వింత అది పట్టిన దారిలో ఉంది. 1908లో తెల్లదొరలు స్వదేశీ ఉద్యమకారుల మీద ప్రయోగించడానికి చేసిన చట్టాన్నే స్వతంత్ర ప్రభుత్వం దుమ్ము దులిపి బయటికి తీసింది. రాజ్యాంగం అమలులోకి వచ్చి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు.

నిషేధం ప్రకటించడానికి గెజిట్‌లో వేస్తే చాలునన్నారు. సంఘానికి నోటీసు పంపనక్కరలేదు. ప్రభుత్వం నియమించే సలహా మండలి కాగితాలు చూస్తుంది. సంఘం తరఫువాళ్ళు ఆ మండలి ముందు నిలబడి వాదించడానికి వీలులేదు. నిషేధం పడ్డాక కూడా సభ్యుడుగా ఉంటే జైలు. గెజిట్ చదవనివాడికి తాను నేరస్థుడినైన సంగతి పోలీసు వచ్చి చెబితేగాని తెలియదు.

రావ్ హైకోర్టుకు వెళ్ళారు. ముగ్గురు న్యాయమూర్తుల పూర్తి ధర్మాసనం విచారించింది. 1950 సెప్టెంబరులో నిషేధాన్ని కొట్టివేసింది. ధర్మాసనానికి అధ్యక్షుడు ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నారు. తెలుగు పాఠకులకు ఆయనను వేరే పరిచయం చేయనక్కరలేదు. ‘తప్పెవరిది’ వంటి నాటకాలు రాసినవాడు, తర్వాత సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షుడైనవాడు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 1952 మార్చి 31న అక్కడా ఓడింది. ప్రధాన న్యాయమూర్తి పతంజలి శాస్త్రి తీర్పు రాశారు. ప్రాథమిక హక్కులకు కోర్టు కావలిదారుగా మేలుకొని ఉండాలన్న భావం ఈ దేశపు న్యాయశాస్త్రంలో స్థిరపడింది ఈ తీర్పుతోనే. సంఘం పెట్టుకొనే హక్కు మీద ఆంక్ష విధించేటప్పుడు, ఆ ఆంక్షకు దారితీసిన కారణాలను కోర్టు తూచి చూసే అవకాశం ఉండాలని, కేవలం ప్రభుత్వం తృప్తిపడితే చాలదని ఆ తీర్పు సారాంశం.

ఇప్పుడు ఒక సంగతి గమనించండి. సంఘాన్ని నిషేధించిన మదరాసు ప్రభుత్వానికి అప్పటి ముఖ్యమంత్రి పి.ఎస్. కుమారస్వామి రాజా. రాజపాళయం రాజుల ఇంటివాడు, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం. నిషేధించినది మనవాడే, కొట్టివేసిన ధర్మాసనానికి పెద్ద కూడా మనవాడే. రెండు వైపులా తెలుగే ఉన్నప్పుడు ఆ సంఘాన్ని కాపాడింది భాష కాదు. తెరిచి ఉన్న కోర్టు తలుపు.

ఆ తలుపు అందరికీ ఒకేలా తెరుచుకోలేదన్నది కూడా చెప్పాలి. అదే 1950లో మదరాసు రాష్ట్ర జైల్లో నిర్బంధంలో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ నివారక నిర్బంధ చట్టాన్ని సవాలు చేశారు. మే 19న సుప్రీంకోర్టు ఆయన వాదాన్ని తోసిపుచ్చింది. చట్టసభ చట్టం చేసి, ఆ చట్టం ప్రకారమే పట్టుకుంటే మనిషి స్వేచ్ఛ పోయినా ఫిర్యాదు లేదన్నది మెజారిటీ అభిప్రాయం. జస్టిస్ ఫజల్ అలీ విభేదించారు. సంఘం గెలిచింది, మనిషి ఓడాడు. ఈ ఓటమి విలువ ఎంతో తెలియడానికి పాతికేళ్ళు పట్టింది.

మన ఊరి జైలు లెక్క

ఇక మన తిరుత్తణికి వద్దాం. ఈ భాగం రాయడం కొంచెం కష్టం. ఎందుకంటే ఇందులో జైలుకు పోయినవాళ్ళు మన ఎదుటి పక్షంవాళ్ళు.

1952 డిసెంబరు 15న మదరాసులో పొట్టి శ్రీరాములు గారు ప్రాణం వదిలారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. చిత్తూరు జిల్లా మొత్తంతో పాటు తిరుత్తణి కూడా ఆంధ్రలోకి పోయింది. తమిళ అరసు కళగం నాయకుడు మ.పొ. శివజ్ఞానం, ఆయనకు తోడుగా మంగళంకిళార్, తిరుత్తణి ప్లీడరు వినాయకం ఉత్తర సరిహద్దు ఉద్యమం నడిపారు. 1953లో తిరుత్తణిలో నిషేధాజ్ఞలు, అరెస్టులు, శిక్షలు. మ.పొ.సి. కూడా జైలుకు పోయారు. గోవిందసామి, పళని మాణిక్కం అనే ఇద్దరు ఉద్యమకారులు ఖైదులో ఉండగా చనిపోయారని తమిళ చరిత్రకారులు రాశారు. చివరకు పటాస్కర్ తీర్పు, 1959 సరిహద్దుల మార్పు చట్టం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రంలో కలిసింది. సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు పోయింది. ఆ ఉదయం నిద్ర లేచేసరికి మనం అల్పసంఖ్యాకులం అయ్యాం.

మన ఇళ్ళలో ఈ కథ చెప్పుకొనేటప్పుడు పోయిన తాలూకా గురించి చెప్పుకుంటాం, మూతబడిన తెలుగు బడుల గురించి చెప్పుకుంటాం. ఖైదులో పోయిన ఆ ఇద్దరి గురించి చెప్పుకోం. శ్రీరాములు గారి త్యాగం మనకు పూజనీయం. ఆయన పోయిన తర్వాత ఆంధ్ర పట్టణాల్లో పోలీసు కాల్పుల్లో నేలకొరిగినవాళ్ళు మనకు అమరులు. అవతలి భాషకోసం జైలుకు పోయి తిరిగిరానివాళ్ళు మాత్రం మన లెక్కలో లేరు. వాళ్ళ కోరికతో మనకు పేచీ ఉండవచ్చు. ఉంది కూడా. అయినా శాంతియుతంగా ఊరేగింపు తీసి, సభ పెట్టి, పికెటింగు చేసి తన కోరిక చెప్పుకొనే హక్కు వాళ్ళకు లేకపోతే మనకు మాత్రం ఎక్కడినుంచి వస్తుంది? సరిహద్దు రాయి జరిగినప్పుడల్లా అల్పసంఖ్యాకులు మారిపోతారు. 1953లో తిరుత్తణి తమిళులు, 1960లో తిరుత్తణి తెలుగువాళ్ళు. జైలు మాత్రం మారదు.

ఒక సంతకం

మరొక ఇంటి మాట. తిరుత్తణి పేరు చెబితే దేశం మొత్తం తలుచుకొనేది సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని. 1962లో ఆయన రాష్ట్రపతి అయ్యారు. తిరుత్తణి తెలుగు ఇంటి పిల్లవాడు రాష్ట్రపతి భవనం ఎక్కాడని మనవాళ్ళు పొంగిపోయారు, న్యాయమే. ఆ ఏడు అక్టోబరు 26న చైనా దాడి కారణంగా స్వతంత్ర భారతంలో తొలి అత్యవసర పరిస్థితి ప్రకటన వెలువడింది. సంతకం ఆయనదే. నిర్ణయం మంత్రివర్గానిది, ఆపద నిజమైనది. అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ చైనా నవంబరు 21నే కాల్పుల విరమణ ప్రకటించింది. అత్యవసర పరిస్థితి ఎత్తివేసింది 1968 జనవరిలో. అంటే ఒక నెల యుద్ధానికి అయిదేళ్ళు దాటిన అత్యవసరం. 21, 22 అధికరణాల కింద కోర్టుకు వెళ్ళే హక్కును నిలిపివేస్తూ రాష్ట్రపతి ఉత్తర్వులు ఇవ్వడం, భారత రక్షణ నిబంధనల కింద విచారణ లేకుండా మనుషుల్ని లోపల పెట్టడం ఆ అయిదేళ్ళలోనే పరిపాటి అయింది.

అంత జ్ఞాని, అంత ఉదారుడు సంతకం పెట్టినా ఆ కాగితం తన పని తాను చేసుకుపోయింది. మంచివాడి చేతిలో తయారైన పనిముట్టు ఆయనతోనే ఆగదు, తర్వాతివాడి చేతికి వస్తుంది. 1971 డిసెంబరు 3న బంగ్లాదేశ్ యుద్ధం పేర రెండో ప్రకటన వచ్చింది. అది ఇంకా ఎత్తివేయకముందే 1975 జూన్ 25 రాత్రి మూడోది వచ్చి పడింది.

1976 ఫిబ్రవరి

మూడో దాని కథ అందరికీ తెలిసినదే. జూన్ 12న అలహాబాదు హైకోర్టులో జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా ప్రధాని ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదన్నారు. పదమూడు రోజుల తర్వాత అంతర్గత కల్లోలం పేర అత్యవసర పరిస్థితి. పత్రికల మీద సెన్సారు. 1971లో చేసిన ఆంతరంగిక భద్రతా చట్టం, జనం నోట మీసా, ఊరూరా మోగింది. దేశం మొత్తంలో సుమారు 35 వేల మందిని మీసా కింద, అంతకు రెట్టింపుకు పైగా మందిని భారత రక్షణ నిబంధనల కింద పట్టుకున్నారని తర్వాత షా కమిషన్ లెక్క తేల్చింది. తమిళనాడులోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ మీసా ఖైదీలు చెరి వెయ్యికి పైనే.

ఆంధ్రలో అది మొదటి రోజునుంచే మొదలైంది. విరసం రచయితలు, పౌరహక్కుల కార్యకర్తలు జైళ్ళకు పోయారు. 1974లో శ్రీశ్రీ అధ్యక్షుడుగా మొదలైన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం పసితనంలోనే ఈ తుపానులో చిక్కుకుంది. జూలై 25న మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకుల్ని పోలీసులు కాల్చిచంపారు. ఎదురుకాల్పులన్నారు. 1977లో తార్కుండే కమిటీ పట్టుకొచ్చి చెట్లకు కట్టి కాల్చారని తేల్చింది. 1975 డిసెంబరు 1న ముషీరాబాదు జైల్లో భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరితీశారు. వాళ్ళ తరఫున దేశంలోని పెద్దలు చేసిన విన్నపాలేవీ ఫలించలేదు.

తమిళనాడు మాత్రం ఏడు నెలలు కొంత ఊపిరి పీల్చుకుంది. కరుణానిధి ప్రభుత్వం అత్యవసర పరిస్థితిని బహిరంగంగా వ్యతిరేకించింది. ఉత్తరాదిలో వెంటాడబడిన నాయకులు కొందరికి ఇక్కడ తలదాచుకొనే చోటు దొరికింది. 1976 జనవరి 31న ఆ ప్రభుత్వాన్ని రద్దుచేశారు. ఆ రాత్రే పోలీసు జీపులు కదిలాయి. ద్రావిడ మున్నేట్ర కళగం, ద్రావిడ కళగం, ఇతర ప్రతిపక్షాలవాళ్ళు, కార్మిక నాయకులు మీసా కింద మదరాసు సెంట్రల్ జైలుకు చేరారు. మనం బండి దిగి పక్కనుంచి నడిచిపోయే ఆ గోడ వెనక్కే.

ఫిబ్రవరి 2 రాత్రి లోపల ఏం జరిగిందో బయటివాళ్ళకు సంవత్సరానికి పైగా తెలియలేదు. వార్డర్లూ, వాళ్ళు ఉసిగొలిపిన శిక్షా ఖైదీలూ కలిసి మీసా నిర్బంధితుల్ని లాఠీలతో, బూట్లతో కొట్టారు. చిమ్మచీకటి, ఇరుకు గది, తలుపు తీసి ఒక్కొక్కరినీ బయటికి లాగి కొట్టడం. ఇరవై మూడేళ్ళు కూడా నిండని ఎం.కె. స్టాలిన్ అందులో ఉన్నారు. ఆయన మీద పడే దెబ్బలకు అడ్డు నిలిచినవాడు చెంగల్పట్టు పార్లమెంటు సభ్యుడు సి. చిట్టిబాబు. అప్పటికి తిరువళ్ళూరు, తిరుత్తణి తాలూకాలు చెంగల్పట్టు జిల్లాలోనివే. ఆ దెబ్బలనుంచి ఆయన కోలుకోలేదు. 1977 జనవరిలో చనిపోయారు. ఆయన జైల్లో రాసుకున్న డైరీ తర్వాత పుస్తకంగా వచ్చింది. జనం ఓట్లేసి ఢిల్లీకి పంపిన పార్లమెంటు సభ్యుడికే ఈ గతి పడితే, పేరు లేని ఖైదీ గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

సాహిత్యం చదివేవాళ్ళకు నచ్చే ముచ్చట ఒకటి చెప్పాలి. ఎవరెవరిని అరెస్టుచేశారో పత్రికల్లో వేయడానికి సెన్సారు ఒప్పుకోలేదు. ఫిబ్రవరి 3 అణ్ణాదురై వర్ధంతి. ‘మురసొలి’ పత్రికలో కరుణానిధి ఒక జాబితా వేశారు. అణ్ణా సమాధి దగ్గరకు నివాళికి రాలేకపోయినవారి పేర్లు అని దానికి శీర్షిక. జిల్లాలవారీగా పేర్లు. సెన్సారు అధికారికి అందులో తప్పు కనబడలేదు. చదివిన ప్రతి ఇంటికీ తమవాడు ఎక్కడున్నాడో తెలిసిపోయింది. మాటను నొక్కేస్తే అది పక్కదారిలో వస్తుంది. శ్లేషలూ చాటువులూ మన భాషకేమీ కొత్త కాదు గదా.

ఒక తెలుగింటి ఆడపడుచు

అదే కాలంలో బెంగుళూరు సెంట్రల్ జైల్లో మరొకరు ఉన్నారు. మదరాసు నాటకరంగానికి బాగా తెలిసినవారు స్నేహలతా రెడ్డి. మదరాసు ప్లేయర్స్ బృందం స్థాపకుల్లో ఒకరు. భర్త పఠాభి, అంటే తిక్కవరపు పట్టాభిరామరెడ్డి, నెల్లూరువాడు, ‘ఫిడేలు రాగాల డజన్’తో తెలుగు కవిత్వంలో అల్లరి లేపినవాడు. ఆయన తీసిన కన్నడ చిత్రం ‘సంస్కార’ 1970లో దేశంలో ఉత్తమ చిత్రంగా బహుమతి పొందింది. అందులో చంద్రి పాత్ర స్నేహలతదే. తెలుగు, తమిళ, కన్నడ దేశాల మధ్య గోడల్లేకుండా బతికిన కుటుంబం. మనవంటి ప్రవాసాంధ్రులకు దగ్గరి చుట్టం వంటి కుటుంబం.

జార్జి ఫెర్నాండెజ్ వీళ్ళకు స్నేహితుడు. ఆయన అజ్ఞాతంలో ఉన్నాడు. బరోడా డైనమైట్ కేసు పేరు చెప్పి 1976 మే 2న స్నేహలతను పట్టుకున్నారు. చివరి అభియోగ పత్రంలో ఆమె పేరే లేదు. అయినా వదలలేదు, మీసా కింద ఉంచారు. ఆమెకు తీవ్రమైన ఉబ్బసం. సరైన వైద్యం అందలేదు. ఒంటరి గదిలో ఊపిరాడక గడిపిన రాత్రుల్ని ఆమె డైరీలో రాసుకున్నారు. తన బాధతో పాటు తోటి ఆడ ఖైదీల బాధలు కూడా రాశారు. లోపలికి వచ్చే ప్రతి స్త్రీకీ బట్టలు విప్పించి సోదా చేసే అవమానం, వాళ్ళమీద పడే దెబ్బలు, తిండి. వాటిమీద ఆమె జైలు అధికారులతో కొట్లాడారు. 1977 జనవరి 15న పెరోలు మీద ఇంటికి పంపారు. 20న చనిపోయారు. ఆ డైరీ ఆ ఏడే అచ్చయింది.

చిట్టిబాబు, స్నేహలత ఒకే నెలలో పోయారు. ఇద్దరూ డైరీలు మిగిల్చిపోయారు. ఇద్దరిలో ఎవరికీ కోర్టు తలుపు తెరుచుకోలేదు. ఎందుకు తెరుచుకోలేదన్నది అసలు ప్రశ్న.

తలుపు మూసిన రోజు

1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు జబల్పూరు కేసులో తీర్పు చెప్పింది. అత్యవసర పరిస్థితిలో, 21వ అధికరణం అమలు నిలిచిపోయి ఉండగా, అక్రమంగా నిర్బంధించారని హెబియస్ కార్పస్ వేసే హక్కు ఎవరికీ లేదని అయిదుగురిలో నలుగురు అన్నారు. ఎ.ఎన్. రే, బేగ్, చంద్రచూడ్, భగవతి. వాదనల సమయంలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అటార్నీ జనరల్‌ను, ఒక పోలీసు అధికారి సొంత పగతో మనిషిని చంపినా దిక్కు లేదా అని అడిగితే, అత్యవసర పరిస్థితి ఉన్నంతవరకూ లేదన్న జవాబే వచ్చింది. ఖన్నా ఒక్కరే విభేదించారు. 1977 జనవరిలో ఆయనను దాటించి జూనియరైన బేగ్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఖన్నా రాజీనామా చేశారు.

ఈ తీర్పు వచ్చిన నాలుగు రోజులకు స్నేహలత అరెస్టయ్యారు. తలుపు అప్పటికే మూసుకుపోయింది. 1950లో గోపాలన్ ఓడిన కేసులో నాటిన విత్తనం 1976లో చెట్టయింది. ఒక కమ్యూనిస్టు ఓడిపోతే మనకేమని ఊరుకున్నవాళ్ళలో కొందరు ఇరవై ఆరేళ్ళ తర్వాత అదే చెట్టు నీడలో ఖైదులో కూర్చున్నారు.

ఇక్కడ భాషా అల్పసంఖ్యాకులు ఆలోచించుకోవలసిన మాట ఒకటుంది. మన భాషను కాపాడే 29, 30 అధికరణాలను అత్యవసర పరిస్థితిలో ఎవరూ తుడిచివేయలేదు. 350ఎ కూడా అచ్చులో అలాగే ఉంది. కానీ 1976 జనవరిలో 19వ అధికరణం అమలు కూడా నిలిపివేశారు. అంటే సభ పెట్టుకొనే హక్కు, సంఘం నడుపుకొనే హక్కు, రాసి అచ్చువేసుకొనే హక్కు కోర్టులో అడగడానికి వీలులేదు. తెలుగు బడి మూస్తే అడగడానికి సభ పెట్టకూడదు, పెడితే పట్టుకుంటారు, పట్టుకుంటే కోర్టు వినదు. అలాంటప్పుడు 30వ అధికరణం గోడమీద వేలాడే పటం అవుతుంది, అంతే.

కాగితం చేసిన పని

1977 మార్చి ఎన్నికల్లో ప్రభుత్వం ఓడింది. ఆ తర్వాత మదరాసు జైలు సంగతుల మీద హైకోర్టు న్యాయమూర్తి ఎం.ఎం. ఇస్మాయిల్ కమిషన్ విచారణ జరిపింది. ఇస్మాయిల్ గారు కంబ రామాయణంలో పండితుడు, మదరాసు కంబన్ కళగానికి పెద్ద. సాక్షుల్ని పిలిచి, జైలు రికార్డులు తెప్పించి, ఎవరిని ఎప్పుడు ఎలా కొట్టారో ఓపికగా తేల్చారు. ఆయన నివేదికే లేకపోతే ఫిబ్రవరి 2 రాత్రి ఒక పార్టీవాళ్ళు చెప్పుకొనే కథగా మిగిలిపోయేది. ఒక ముస్లిం న్యాయమూర్తి, రాముని కథకు జీవితం ధారపోసిన తమిళ పండితుడు, తనకు ఏ పార్టీతోనూ సంబంధం లేకుండా నిజాన్ని కాగితం మీద పెట్టాడు.

1978లో మీసా పోయింది. అదే ఏడు 44వ సవరణతో రెండు తాళాలు పడ్డాయి. అంతర్గత కల్లోలం పేర అత్యవసర పరిస్థితి విధించడానికి ఇక వీలులేదు, సాయుధ తిరుగుబాటు ఉండాలి. 21వ అధికరణం అమలును ఎప్పుడూ నిలపకూడదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం జబల్పూరు తీర్పు తప్పని ప్రకటించింది. ఆ రోజు ప్రధానమైన తీర్పు రాసినవాడు, 1976లో మెజారిటీతో కలిసిన చంద్రచూడ్ గారి కుమారుడే. నలభై ఒక్క సంవత్సరాలు పట్టింది. ఖన్నా 2008లో పోయారు, చూడలేదు.

అంతమాత్రాన కథ ముగిసిందనుకోకూడదు. నివారక నిర్బంధం రాజ్యాంగంలోనే ఉంది. 1980లో జాతీయ భద్రతా చట్టం వచ్చింది. తమిళనాడుకు 1982లో గూండా చట్టం అని జనం పిలిచే చట్టం వచ్చింది. 1967 నాటి చట్టవిరుద్ధ కార్యకలాపాల చట్టం సవరణలతో బిగిసింది. 1950లో వి.జి. రావ్ సంఘం మీద వచ్చిన ప్రశ్నే ఇప్పటికీ ప్రశ్న. ప్రభుత్వం తృప్తిపడితే చాలునా, కోర్టు తూచి చూడాలా? ఏ పార్టీ అధికారంలో ఉన్నా అడగవలసిన ప్రశ్న అది. నిన్న జైల్లో ఉన్న పార్టీ నేడు గద్దెమీద కూర్చున్నప్పుడు ఆ చట్టాల పుస్తకం దాని చేతిలోనే ఉంటుంది.

మన విషయం ఒక్కటి చెప్పి ముగిస్తాను. 2006లో తమిళాన్ని నిర్బంధంగా నేర్పే చట్టం వచ్చాక, పదో తరగతి పరీక్షలో మన పిల్లలు ఏ భాషలో రాయాలన్న తగువు లేచింది. మనవాళ్ళు ఎవరి దగ్గరకు పోయారు? మంత్రుల గుమ్మాలు కొందరు ఎక్కారు, తిరిగి వచ్చారు. చివరకు సంఘాలు, తల్లిదండ్రులు హైకోర్టు మెట్లెక్కారు. ఏటేటా మినహాయింపులు తెచ్చుకున్నది అక్కడే. కన్నడిగులు, మలయాళీలు, ఉర్దూవాళ్ళు కూడా అదే దారి పట్టారు. ఆ దారి తెరిచి ఉండడం కోసం వి.జి. రావ్ పోరాడాడు, ఖన్నా పదవి వదులుకున్నాడు, స్నేహలత ఊపిరి వదిలింది. వాళ్ళెవరూ తిరుత్తణి తెలుగు బడిని తలచుకొని ఆ పని చేయలేదు. అయినా ఆ బడికి దక్కిన న్యాయంలో వాళ్ళ వాటా ఉంది.

కనుక పాఠకులకు ఒక విన్నపం. 1953నాటి తిరుత్తణి అరెస్టులు చూసిన పెద్దలు మన ఊళ్ళలో ఇంకా కొద్దిమంది ఉంటారు. 1976లో జైలుకు పోయివచ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు. తెలుగువాళ్ళా తమిళులా అని చూడకుండా వాళ్ళ దగ్గర కూర్చోండి. అడిగి రాసుకోండి. తేదీ, చోటు, చూసినది, విన్నది వేరువేరుగా రాయండి. జైలు గోడ రాళ్ళు ఎవరి పునాదుల్లోకి పోయాయో మనకు తెలియదు. ఒక నోటు పుస్తకం మాత్రం ఇంట్లో బీరువాలో ఉంటుంది. అవసరమైన రోజున కోర్టుకు తీసుకుపోవడానికి పనికివచ్చేది అదే.